పెత్రమ్మ పిల్లలు

మార్చి 11

పక్క దీవి శాంతా క్రూజ్ రేవులో దొరికిన తాబేలు పిల్లల్ని ఈ సాయంత్రం పడవలో మా పెంపకం కేంద్రానికి తెచ్చారు. చేపల పెట్టె అడుగున, ఐసు కింద దాచారట. ఒక్కోదాన్నీ ఒక్కో సాక్సులో దూర్చి, కాళ్ళు కదలకుండా టేపు చుట్టారు. మొత్తం పదకొండు. నాలుగు దారిలోనే పోయాయి. మిగిలిన ఏడింటినీ దొడ్లు చూసుకునే సెగుందో గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టి, టేపు జిగురును ఆలివ్ నూనెతో నెమ్మదిగా వదిలించాడు. ఆయన వేళ్ళు లావు, పిల్లలేమో కోడిగుడ్డంత. అయినా ఒక్కదాని చర్మం కూడా లేవలేదు.

డైరెక్టర్ అనీబాల్ గారు గుమ్మంలో నిలబడి అన్నీ చూసి, "ఇవి మన దొడ్లలోవే" అన్నారు.

"మనవి కావు సార్. నా లెక్కలో ఒక్కటీ తగ్గలేదు" అన్నాడు సెగుందో, తల ఎత్తకుండానే.

"నెల్వా చెబుతుందిలే. ఆ యంత్రం ఉన్నది ఎందుకు?" అన్నారు నావైపు చూసి.

ఆ యంత్రం నా బల్ల మీదే ఉంది. ఇదివరకు రక్తం చుక్కలు విదేశానికి పంపాలంటే అనుమతులకే అర ఏడాది పట్టేది, జవాబుకు మరో అర ఏడాది. ఇప్పుడు టీవీ రిమోట్‌లో సగం లేని పెట్టెను ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే చాలు, జీనోమ్ మొత్తం ఇక్కడే, మా వెనక గదిలో, ఫ్యాను కింద చదివేస్తుంది. నిరుడంతా కూర్చుని మా దొడ్లలోని పెద్ద తాబేళ్ళన్నిటినీ చదివి పెట్టాను. ఇంత తొందరగా అవసరపడుతుందనుకోలేదు.

మార్చి 12

సెగుందోను పనిలోంచి పక్కన పెట్టారు. దొడ్ల తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి కాబట్టి. పైకి చెప్పే కారణం అది. ప్రధాన భూభాగంలోని సలసాకా కొండల నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆయన ఇక్కడివాడు కాలేదన్నది అసలు కారణం.

తమ్ముడు ఫౌస్తో తన పడవకు కొత్త మోటారు బిగించాడు. శాంతా క్రూజ్‌లో ఉన్న మేనమామ కొడుకు చవగ్గా ఇచ్చాడట. మంచిదే. పాతది నడిసముద్రంలో ఆగిపోతే వాడి కోసం నేను ఎన్నిసార్లు రేవులో నిలబడ్డానో.

మార్చి 13

ఏడు పిల్లల దగ్గరా ఒక్కో చుక్క రక్తం తీశాను. మందులు కలపడం, వేడి చెయ్యడం, చల్లార్చడం. ఈలోగా కరెంటు పోయింది. ఫౌస్తో అన్నం, పప్పు, వేయించిన అరటికాయ డబ్బాలో పెట్టుకుని వచ్చాడు. వాడు నాకు భోజనం తేవడం అరుదు.

"ఈ అగ్గిపెట్టె ఏం చదువుతుందక్కా?"

"రక్తం చదువుతుంది. ఎవరి పిల్లో చెబుతుంది."

"దీన్ని మన పేటలో పెట్టకు. సగం ఇళ్ళు కూలిపోతాయి."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాను. ప్రతి పిల్లలోనూ సగం తల్లిది, సగం తండ్రిది. మా పెద్దవాటి జీనోమ్‌లన్నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూస్తే సగం అచ్చంగా సరిపోయేదే తల్లి.

"అడవిలోవి అయితే?"

"అడవిలోవి కూడా కొన్ని ఉన్నాయి కదరా. మనిద్దరం వెళ్ళి తీసుకొచ్చినవి."

వాడు చెంచా డబ్బాలో పెట్టేశాడు. పొద్దుటి నుంచి కడుపు బాగాలేదట. మిగిలింది నేను తిన్నాను.

మార్చి 15

మా దొడ్లలోవి కావు.

పెద్దవాటితో ఒక్కొక్కటిగా పోల్చి చూశాను. ఒక్క తల్లి కలవలేదు, ఒక్క తండ్రి కలవలేదు. సెగుందో లెక్క నిజం. లేచి ఆయన ఇంటికి పరిగెత్తి చెప్పాలనిపించింది. చెప్పులు కూడా వేసుకున్నాను.

తర్వాత అడవివాటితో పోల్చాను. అగ్నిపర్వతం దక్షిణపు వాలువి. ఏడూ ఒకే తల్లి పిల్లలు. ఆ తల్లి కూడా నా దగ్గరున్న వాటిలోనే ఉంది.

చెప్పులు విప్పేశాను. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది.

మార్చి 16

మళ్ళీ నడిపాను. పెత్రమ్మే.

మార్చి 17

డొప్ప కుడివైపు పగిలి, మళ్ళీ అతుక్కున్న ఆడతాబేలుకు పెత్ర అని పేరు పెట్టింది ఫౌస్తో. మా వీధిలో నడుం వంగిన ఒక ముసలావిడ ఉండేది, ఆవిడ పేరు. రెండేళ్ళ కిందట వాడి పడవలో దక్షిణాన ఒక చిన్న కయ్యలో, సముద్రం ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన చోట దిగి, గట్టిపడిన లావా మీద పూటంతా నడిచి ఒక గుంట చేరాం. నల్లరాతి మధ్యలో పచ్చగడ్డి, మధ్యలో పెత్రమ్మ, ఇంకా కొన్ని. ఫౌస్తో పట్టుకుంటే నేను రక్తం తీశాను. దొంగల భయంతో ఆ చోటును ఏ కాగితం మీదా పెట్టలేదు. రిపోర్టులో దక్షిణపు వాలు అని మాత్రం రాశాను. ఆ గుంట మనిద్దరిదేరా, మూడోవాడికి తెలియకూడదు అన్నాను. వాడు నవ్వి, ఛాతీ మీద శిలువ గీసుకున్నాడు.

అయినా మూడోవాడికి తెలియదని ఎలా చెప్పగలను? ఆ కయ్యలో ఎండ్రకాయల కోసం పడవలు ఆగుతాయి. ఒకప్పుడు మేకల వేటగాళ్ళు ఆ వాలంతా తిరిగారు. ఎవరైనా ఎక్కి ఉండొచ్చు.

ఎవరైనా ఎక్కి ఉండొచ్చు.

మార్చి 18

యంత్రంలో రక్తం చదివే చిప్ పాడైందని అనీబాల్ గారికి చెప్పాను. ఫలితం రావడానికి ఇంకా టైం పడుతుందన్నాను. చిప్ నిజంగానే అరిగిపోయింది. అబద్ధమేమీ కాదు.

రొట్టెల దుకాణంలో సెగుందో భార్య జోయిలా కనిపించింది. నన్ను చూసి, వరుసలో తన ముందున్న వాళ్ళను దాటుకుని వచ్చింది.

"ఏమ్మా చదువుకున్నమ్మా, నీ యంత్రానికి నోరు పడిపోయిందా? మా ఆయన పేరు చెప్పడానికైతే ఊళ్ళో అందరి నోళ్ళూ లేచాయి."

"చిప్ అయిపోయింది జోయిలా. గ్వయాకిల్ నుంచి కొత్తది రావాలి."

"రావాలి, రావాలి! నిన్న పోలీసులొచ్చి నా బియ్యం డబ్బా కూడా కుమ్మరించి చూశారు. ఇదిగో ఈ సంచీ కూడా చూసుకో. కొండోళ్ళ సంచీ కదా, తాబేళ్ళుంటాయి!"

సంచీ తిరగేసింది. ఉల్లిపాయలు నేల మీద దొర్లాయి. దుకాణంలో ఎవరూ నవ్వలేదు, ఎవరూ వంగి ఏరలేదు. నేను వంగాను. "నువ్వు ముట్టుకోకు" అంది.

మార్చి 19

ఫౌస్తోను అడిగాను. నేరుగా కాదు. మేనమామ కొడుకు ఎలా ఉన్నాడు, మోటారు ఎందుకు వదులుకున్నాడు అని. చేపలు పట్టడం మానేసి హోటల్లో చేరాడట. అందుకే అమ్మేశాడట. చెబుతున్నంతసేపూ నా కళ్ళలోకే చూశాడు.

నమ్మాను.

మార్చి 20

కొత్త చిప్ వచ్చింది. మూడోసారి నడిపాను. రాయడానికి ఏమీ లేదు.

మార్చి 21

అనీబాల్ గారికి రిపోర్ట్ ఇచ్చాను. పిల్లలు మన దొడ్లలోవి కావు, దక్షిణపు వాలువి, తల్లి ఎవరో గుర్తించలేకపోయాం అని. ఒక్క వాక్యమే కదా. ఆ వాక్యం వల్ల ఎవరికీ నష్టం లేదు. సెగుందో బయటపడతాడు, అంతటితో సరి అనుకున్నాను.

అనీబాల్ గారు చదివి తల ఊపారు. "అడవివన్నమాట. ఏటా తాబేళ్ళ గణనకు ఆ వాలు ఎక్కేది ఎవరు?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"సెగుందోయే కదా! దొడ్లో ముడితే దొరికిపోతాడని పైనుంచే దించాడు. మంచి తెలివి. ప్రాసిక్యూటర్ మేడంకి ఇదే కావాలి. సోమవారం ఓడలో అతన్ని ప్రధాన భూభాగానికి పంపుతారట, విచారణయ్యేదాకా అక్కడి జైల్లో."

"ఆ వాలు చాలా పెద్దది సార్. ఆయనే అని ఎలా చెబుతాం?"

"తల్లి దొరికుంటే చెప్పేవాళ్ళం. దొరకలేదని నువ్వే రాశావు."

ఆయన ముందు ఇంకా కాసేపు నిలబడ్డాను. నోరు తెరవాల్సింది అక్కడే.

మార్చి 22

మధ్యాహ్నం రేవుకు వెళ్ళాను. ఫౌస్తో పడవలో కూర్చుని కొత్త మోటారును గుడ్డతో తుడుస్తున్నాడు. గట్టు మీద కూర్చున్నాను. ఎండకు రాయి కాలిపోతోంది.

"ఫౌస్తో, ఆ పిల్లలు పెత్రమ్మవి."

తుడుస్తూనే ఉన్నాడు. "ఏ పెత్రమ్మ?"

"నువ్వు పేరు పెట్టినదే."

"నీ యంత్రం తప్పు చెబుతోంది."

"మూడుసార్లు అడిగాను."

"నాలుగోసారి అడుగు."

"అడుగుతాను. నువ్వు ఒక్కసారి కాదను చాలు, ఇప్పుడే వెళ్ళి అడుగుతాను."

గుడ్డ పక్కన పెట్టాడు. ఒక సీల్ వచ్చి పడవ అంచున ముట్టె ఆనించి చూసింది. వాడు దాన్ని అదిలించలేదు.

"డైవింగ్‌కి వచ్చిన ఇద్దరు, మొగుడూ పెళ్ళాం. చాలా మంచిగా మాట్లాడారక్కా. నువ్వు పుట్టి పెరిగినవాడివి, నీకు తెలిసినంత గైడ్లకు తెలియదు అన్నారు. మొదటిసారి ఫొటోలే, ఒట్టు. రెండోసారి మోటారు తెచ్చారు."

"అంటే రెండోసారికి నీకు తెలుసు."

"తెలుసు."

"ఎలా చెయ్యగలిగావురా?"

"నువ్వే చెప్పావు కదా, నూరు పుడితే పెద్దయ్యేవి ఒకటో రెండో అని. గద్ద నోట్లోకి పోయేదే కదా అనుకున్నాను. గద్ద తింటే తప్పు కానిది నేను ఇస్తే తప్పేంటనుకున్నాను."

"సాక్సుల్లో దూర్చింది ఎవరు?"

"సాక్సులు నావే. ఊపిరాడాలని పల్చటివి ఏరాను."

నాలుగు పోయాయని చెప్పాను. వాడికి తెలియదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"సోమవారం సెగుందోను పంపేస్తున్నారు" అన్నాను.

"ఆయన చెయ్యలేదుగా, వదిలేస్తారు."

"వదిలేదాకా ఎక్కడ ఉంచుతారో తెలుసుగా?"

"తెలుసు! తెలుసు కాబట్టే చెప్పట్లేదు. నువ్వూ చూశావు కదా టీవీలో, లోపల ఖైదీల్ని చంపినప్పుడు ఆ గోడల బయట తల్లులు పేర్లు పెట్టి అరవడం. అక్కడ నన్ను బతకనిస్తారా?"

"ఆయన్ను బతకనిస్తారా?"

"ఆయన నీకు తమ్ముడు కాదు."

లేవబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. వాడి అరచేతికి పెట్రోలు వాసన.

"అమ్మ పోయినప్పుడు నాతో ఏమన్నావో గుర్తుందా?"

"ఉంది."

"ఏమన్నావు?"

"నేనున్నానన్నాను."

"మరి?"

ఇంటికి వచ్చాక దానికి పది జవాబులు చెప్పుకున్నాను, ఏదీ సరిగ్గా లేదు. నేనున్నాను కాబట్టే అనొచ్చు. అది కూడా గోడ మీద రాసే మాటలా ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లాడికి చెప్పిన మాటను ముప్ఫై ఏళ్ళవాడు తిరిగి నా చేతిలో పెట్టాడు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

రేవులో వాడితో, నువ్వే వెళ్ళి చెప్పు, శిక్ష తగ్గుతుంది అని మాత్రం అన్నాను. వస్తాననలేదు, రాననలేదు. ట్యాంకు నిండా పెట్రోలు ఉంది. చూశాను.

మార్చి 23

ఆదివారం. చర్చికి వెళ్ళలేదు. వాడూ ఇంటికి రాలేదు.

మార్చి 24

పొద్దున్నే రెండో రిపోర్ట్ ఇచ్చాను. తల్లి పేరు, ఆమె ఉండే చోటు, ఆ చోటు తెలిసిన ఇద్దరి పేర్లు. మొదటి రిపోర్టులో దాచిపెట్టానని కూడా రాశాను. అనీబాల్ గారు రెండుసార్లు చదివి, తలుపు మూశారు.

"దీన్ని వెనక్కి తీసుకో. తల్లి ఎవరైతే నాకెందుకు? ఆ కొండవాడు కాకపోతే ఇంకొకడు. నీ తమ్ముడు కావడమెందుకు?"

ఆయన దయతోనే అన్నారు. ఆ దయకే నాకు భయమేసింది. ఎందుకంటే శుక్రవారం నేను కూడా అదే అనుకున్నాను, ఇంకాస్త అందమైన మాటల్లో.

"ఓడ పదకొండుకు సార్. ఫోన్ చెయ్యండి" అన్నాను.

సెగుందోను ఓడ మెట్ల దగ్గర నుంచి వెనక్కి తెచ్చారు.

ఫౌస్తో పారిపోయి ఉంటాడనుకున్నాను. పారిపోయి ఉండాలనీ కోరుకున్నాను, అది కూడా రాసుకోవాలి. పోలీసులు వెళ్ళేసరికి పడవలోనే ఉన్నాడు, తాడు కూడా విప్పలేదు. జీపు ఎక్కించే ముందు నన్ను వాడి దగ్గర ఒక్క నిమిషం నిలబడనిచ్చారు.

"ఎందుకు వెళ్ళలేదురా?"

"మోటారు వాళ్ళది కదక్కా. దాంతో ఎక్కడికని వెళ్ళను?"

ఏప్రిల్ 6

రొట్టెల దుకాణంలో చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెడుతున్నారు. మొన్నటిదాకా సెగుందోను తిట్టిన వాళ్ళే ఇప్పుడు "తమ్ముణ్ణి కంప్యూటరుకు అమ్ముకుంది" అంటున్నారు. నా వెనకాల కాదు, పక్కనే.

సెగుందో పనిలో చేరాడు. ఆయనకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. తాళాలు మాత్రం తిరిగిచ్చారు. పిల్లల తొట్టెలో గడ్డి మారుస్తుంటే దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"నీకు ఎప్పుడు తెలిసిందమ్మా?" అన్నాడు, చూడకుండానే.

"పదిహేనో తారీఖున."

గడ్డి మార్చడం ఆపలేదు. "జోయిలా అదే అంది. ఆ పిల్లకు ముందే తెలుసు అంది. నేను కాదన్నాను. పోట్లాడాను కూడా."

ఇంకేదైనా అంటాడని నిలబడ్డాను. ఆయన ఇంకో తొట్టె దగ్గరికి వెళ్ళిపోయాడు.

జూన్ 19

తీర్పు. మూడేళ్ళు. ఆ ఇద్దరి గురించి చెప్పినందుకు తగ్గించారు. మొగుడు దొరికాడు, పెళ్ళాం దొరకలేదు. ఫౌస్తోను ప్రధాన భూభాగానికి, గ్వయాకిల్ జైలుకు తీసుకెళ్ళారు.

నేను రిపోర్ట్ దాచినందుకు హెచ్చరిక, జీతంలో కోత. తక్కువే.

జూన్ 28

మొదటి ఫోన్. ఫౌస్తో గొంతు బొంగురుగా ఉంది. బాగానే ఉన్నానన్నాడు. మంచం లేదు, గోడవైపు చోటు దొరికిందట, అది మంచిదట. ఎందుకు మంచిదో చెప్పలేదు. వెనకాల ఎవరో అరుస్తున్నారు. "అక్కా, వినబడుతోందా?" అని మూడుసార్లు అడిగాడు. వినబడుతోందని మూడుసార్లు చెప్పాను. నేనున్నాను అనలేదు. నోటిదాకా వచ్చింది.

జూలై 14

ఫోన్ రాలేదు. నిన్న ఆ జైల్లో గొడవలని రేడియోలో.

జూలై 15

రాలేదు.

జూలై 16

ఫోన్ వచ్చింది, చేసింది ఫౌస్తో కాదు. పక్క గదివాడెవరో, వాడిచ్చిన నెంబరుకు చేశాడు. "మీ తమ్ముడు క్షేమం. చేతికి కుట్లు" అని పెట్టేశాడు. వెనక గదిలో కూర్చున్నచోటే ఎంతసేపు కూర్చున్నానో. సెగుందో గుమ్మంలోంచి చూసి ఉంటాడు. లోపలికి వచ్చి యంత్రానికి తగిలించిన ప్లగ్గు తీసి, ల్యాప్‌టాప్ మూసి, "ఇంటికి పో అమ్మా" అన్నాడు.

ఏప్రిల్ తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట.

ఆగస్టు 30

వారం నుంచి పొగమంచులాంటి తుంపర, ఎండ లేదు. ఏడు పిల్లలూ బాగున్నాయి. నాకు తోచక ఒక్కోదాని జీనోమ్ పూర్తిగా, వివరంగా చదివాను. తండ్రులు ఇద్దరు, ఒకటి మేం రక్తం తీసినదే. గుంటలో మేం చూడని మగతాబేలు ఇంకొకటి ఉందన్నమాట. ఫౌస్తోకి చెబితే సంతోషిస్తాడు. వెంటనే, చెప్పాలా వద్దా అని సందేహం వచ్చింది. చెబుతాను. వాడికి తప్ప ఆ గుంట గురించి నేను ఇంకెవరికి చెప్పను?

పిల్లలను ఇప్పుడే పైకి పంపకూడదు. డొప్ప గట్టిపడి, గద్దలూ ఎలుకలూ ఏమీ చెయ్యలేనంత అవ్వాలి. ఐదేళ్ళు పట్టొచ్చు. ఈ మధ్యాహ్నం అనీబాల్ గారు ఆ రోజు కోసం ఇప్పుడే పథకం వెయ్యాలంటూ వచ్చారు. హెలికాప్టర్ అడగాలా, సైన్యాన్ని అడగాలా అని ఒకటే హడావుడి. సెగుందో తొట్టె కడుగుతూ వింటున్నాడు.

"దానికి హెలికాప్టరెందుకు సార్? మోసుకెళ్ళాలి. లావా మీద పూట నడక."

"నువ్వు మోస్తావా?"

"నా మోకాళ్ళు అప్పటిదాకా ఎక్కడుంటాయి? నెల్వమ్మ దారి చూపించగలదు, మొయ్యలేదు." చీపురు గోడకు ఆనించి నిలబడ్డాడు. "ఆ పిల్లాడికి మూడేళ్ళేగా శిక్ష. వచ్చేస్తాడు. వాడే మొయ్యాలి. దించినవాడు ఎక్కించడా?"

అనీబాల్ గారు నావైపు చూశారు. నేను తొట్టెవైపు చూశాను. సెగుందో మళ్ళీ చీపురు అందుకున్నాడు. "వాడి మీద నాకు కోపం పోయిందని కాదు" అన్నాడు, నీళ్ళ చప్పుడులో, ఎవరితో అంటున్నాడో తెలియకుండా.

ఆగస్టు 31

ఫోన్ వచ్చింది. కుట్లు విప్పారట. సెగుందో అన్న మాటను అన్నది అన్నట్టుగా ఫౌస్తోకి చెప్పాను, చివరి ముక్కతో సహా. లైను కట్టయిందనుకుని రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను.

"ఉన్నానక్కా" అన్నాడు.

తర్వాత అడిగాడు.

"అప్పటికి ఒక్కోటి ఎంత బరువుంటుంది?"